జపనీస్ రోబో పత్రాలను ఇంగ్లిష్‌లోకి తేవాలంటే: సరైన అనువాదకులను పట్టుకునే పద్ధతి

జపాన్‌లో కట్టిన రోబో సెల్ (రోబో, దానితో కలిసి పనిచేసే యంత్రాల అమరిక) మన ఫ్యాక్టరీకి చేరినప్పుడు దానితో రెండు రకాల కాగితాలు వస్తాయి. రోబో, సర్వో మోటారు, పీఎల్‌సీ (యంత్రం కదలికలను నడిపే కంట్రోలర్), సెన్సర్ కంపెనీలు అచ్చువేసిన మాన్యువళ్లు మొదటి రకం. ఆ సెల్‌ను మీ కోసమే కట్టిన లైన్ బిల్డర్ సొంతంగా రాసినవి రెండో రకం. మెషీన్ ఏ వరుసలో కదులుతుందో చెప్పే వివరణ, ఇంటర్‌లాక్ (షరతు తీరేదాకా కదలికను ఆపే ఏర్పాటు) పట్టిక, అలారం జాబితా, టచ్ ప్యానెల్ స్క్రీన్లు, పీఎల్‌సీ కామెంట్లు, డ్రాయింగ్ మీది నోట్లు, నిర్వహణ షీట్లు ఇందులోకి వస్తాయి. అనువాదకుడు అవసరమయ్యేది ఎక్కువగా ఈ రెండో రకానికే. వీటికి ఇంగ్లిష్ ప్రతి ఇంకెక్కడా దొరకదు. పైగా వీటిని రాసింది రచయితలు కాదు, ఇంజనీర్లు. తమ షాపులో మాట్లాడుకునే మాటల్లోనే, సగం వాక్యాల్లో రాసేస్తారు.

అందుకే జపనీస్ బాగా వచ్చినంత మాత్రాన ఈ పనికి సరిపోరు. ఆ వాక్యం చదివి మెషీన్ ఏం చేస్తుందో ఊహించగలిగినవారు కావాలి. అలాంటివారిని వెతకడానికి ముందు మీ ఇంటిపని కొంత ఉంది.

ముందు కట్టను విడదీయండి

ఫనక్, యస్కావా, కవాసాకి, మిత్సుబిషి ఎలక్ట్రిక్, ఓమ్రాన్, ఎస్‌ఎంసీ లాంటి పెద్ద కంపెనీల మాన్యువళ్లలో చాలావాటికి ఇంగ్లిష్ ప్రతులు ఉంటాయి. డబ్బు పెట్టి అనువాదం చేయించే ముందు కవర్ మీది నంబర్ చూడండి. ఫనక్ మాన్యువల్ నంబర్ చివర జేఏ అని ఉంటే అది జపనీస్ ప్రతి, ఈఎన్ అని ఉంటే ఇంగ్లిష్ ప్రతి, ముందున్న అంకెలు ఒకటే. ఆ తర్వాత గీత పక్కన వచ్చే ఎడిషన్ నంబర్ కూడా సరిపోలాలి. ఎడిషన్ మారితే పారామీటర్ల పట్టిక మారి ఉండవచ్చు. ఇలా దొరికిన ఇంగ్లిష్ ప్రతులు ఇంకో పనికీ వస్తాయి. మీ అనువాదంలో ఏ మాటకు ఏ ఇంగ్లిష్ మాట వాడాలో అవే చెబుతాయి. కంట్రోలర్ స్క్రీన్ మీద ఒక పేరు, మీ మాన్యువల్‌లో ఇంకో పేరు ఉంటే రాత్రి షిఫ్ట్‌లో టెక్నీషియన్ తికమకపడతాడు.

మిగిలినదాన్ని ఎవరు చదువుతారన్న ప్రశ్నతో మూడు కుప్పలు చేయండి. ఆపరేటర్ చదివేది, మెయింటెనెన్స్ చదివేది, ఆఫీసులో ఒక్కసారి చూసి ఫైల్లో పెట్టేది. మూడో కుప్పకు ఖర్చు తగ్గించుకోవచ్చు. మొదటి రెండింటికి తగ్గించకండి.

తర్వాత లెక్క. జపనీస్ పనికి ధర రెండు రకాలుగా చెబుతారు: మూలంలోని జపనీస్ అక్షరానికి ఇంత, లేదా తయారైన ఇంగ్లిష్ పదానికి ఇంత. సాంకేతిక పాఠంలో సుమారు రెండు నుంచి రెండున్నర జపనీస్ అక్షరాలకు ఒక ఇంగ్లిష్ పదం వస్తుంది. 60 పేజీల పత్రంలో పేజీకి 600 అక్షరాల చొప్పున 36,000 అక్షరాలు ఉన్నాయనుకోండి. అది దాదాపు 16,000 ఇంగ్లిష్ పదాలు అవుతుంది. ఒకరు అక్షరానికి 5 రూపాయలు, ఇంకొకరు పదానికి 10 రూపాయలు అడిగారనుకుంటే, మొదటిది 1,80,000, రెండోది 1,60,000. అంకె చూసి 5 చవక అనుకుంటే లెక్క తప్పుతుంది. ఈ ధరలు లెక్క చూపించడానికి పెట్టుకున్నవే.

అక్షరాల లెక్క వర్డ్ ఫైల్లోనైతే వర్డ్ కౌంట్ పెట్టెలో కనిపిస్తుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్‌తో తంటా. బొమ్మలోంచి అక్షరాలు తీసే ఓసీఆర్‌తో తీస్తే జపనీస్ కటకానా లిపిలో కవలల్లాంటి అక్షరాలు తారుమారవుతాయి. సొ, న్ అక్షరాల మధ్య తేడా గీత వాలులోనే ఉంటుంది. కాబట్టి లైన్ బిల్డర్‌ని అసలు ఫైళ్లు అడగండి. వాళ్లు చాలావరకు ఎక్సెల్‌లో రాస్తారు. డ్రాయింగ్‌లకు క్యాడ్ ఫైలు, పీఎల్‌సీ కామెంట్లకు సీఎస్‌వీ ఎగుమతి తీసుకోండి. ఈ సీఎస్‌వీ చాలాసార్లు షిఫ్ట్-జిస్ అనే జపనీస్ అక్షరాల ఎన్‌కోడింగ్‌లో ఉంటుంది. యూటీఎఫ్-8 అనుకుని తెరిస్తే అంతా పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది, దాన్ని అలాగే సేవ్ చేస్తే మూలం పాడవుతుంది. అసలు ప్రతిని ముట్టుకోకుండా పక్కన పెట్టుకుని, నకలు మీదే పని చేయండి.

ఎక్కడ వెతకాలి

జాట్ అని పిలిచే జపాన్ అనువాదకుల సంఘానికి సభ్యుల డైరెక్టరీ ఉంది. సభ్యుల రంగాలు అందులో కనిపిస్తాయి. అమెరికన్ ట్రాన్స్‌లేటర్స్ అసోసియేషన్ డైరెక్టరీలో జపనీస్ నుంచి ఇంగ్లిష్ జోడీని, ప్రత్యేక రంగాన్ని కలిపి వెతకవచ్చు. ఆ సంఘం ఈ జోడీకి ధ్రువీకరణ పరీక్ష కూడా పెడుతుంది. బ్రిటన్‌లో ఐటీఐ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాన్స్‌లేషన్ అండ్ ఇంటర్‌ప్రిటింగ్) ఉంది. అనువాదకులు పేర్లు నమోదు చేసుకునే ప్రోజ్ లాంటి సైట్లలో చాలామంది దొరుకుతారు, వడపోత మాత్రం మీదే. ఏజెన్సీలు కావాలంటే జపాన్ అనువాద సమాఖ్య జేటీఎఫ్ సభ్య సంస్థల జాబితా మంచి మొదలు. పేటెంట్ పత్రాలైతే నిప్టా అనే సంస్థ పెట్టే మేధోసంపత్తి అనువాద పరీక్ష పాసైనవారిని వెతకండి. పేటెంట్ భాష, మాన్యువల్ భాష ఒకటి కావు. ఒకదానిలో దిట్ట అయినవారు రెండోదానిలో తడబడటం మామూలే.

మన దేశంలో జపనీస్ చదువుకు పుణె పాత కేంద్రం. చెన్నైలో ఏబీకే-ఏఓటీఎస్ దోసోకాయ్ ఏళ్లుగా భాష నేర్పుతోంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కోబెల్కో లాంటి జపాన్ కంపెనీల ప్లాంట్లు ఉన్నాయి. జపాన్ ప్లాంట్లున్న ఇలాంటి చోట్ల జపాన్ ఇంజనీర్ల పక్కన నిలబడి మెషీన్లు ఎక్కించిన తెలుగు, తమిళ కుర్రాళ్లు మీకు తగలవచ్చు. మెకానికల్ డిప్లొమా, జపాన్‌లో కొన్నేళ్ల శిక్షణ, జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్2 (పై మెట్టు ఎన్1కు ఒక మెట్టు కింద) ఉన్న మనిషి పీఎల్‌సీ కామెంట్లను ఎన్1 ఉన్న సాహిత్య విద్యార్థి కంటే బాగా చేయగలడు. అయితే పుస్తకంగా అచ్చు వేయాల్సిన మాన్యువల్‌కు ఇంగ్లిష్ రాత కూడా నిలవాలి. అప్పుడు అతని పనిని ఇంగ్లిష్ సహజంగా రాసే మరొకరు సరిచూడాలి.

జేఎల్‌పీటీ సర్టిఫికెట్‌ను ఎంతవరకు నమ్మాలన్నది ఇక్కడే చెప్పుకోవాలి. ఎన్1 పరీక్ష చదవడం, వినడం, పదాలు, వ్యాకరణం చూస్తుంది. ఒక్క వాక్యం కూడా రాయించదు, అనువాదం అసలే అడగదు. అది తలుపు తాళం లాంటిది, ఇంట్లో ఏముందో చెప్పదు.

ఏజెన్సీ అనువాద సేవల ప్రమాణం ఐఎస్‌ఓ 17100 ఉందని చెబితే దాని అర్థం తెలుసుకుని మాట్లాడండి. ఆ ప్రమాణం ప్రకారం అనువదించినవారు కాక రెండో వ్యక్తి మూలాన్ని, అనువాదాన్ని పక్కపక్కన పెట్టి సవరించాలి. అనువాదకుడికి అనువాదంలో డిగ్రీ, లేదా వేరే డిగ్రీతో రెండేళ్ల పూర్తికాల అనుభవం, లేదా అయిదేళ్ల పూర్తికాల అనుభవం ఉండాలి. రోబోలు తెలిసి ఉండాలా అన్నది మీరే అడగాలి. రెండు ప్రశ్నలు వేయండి. నా పని చేసే వ్యక్తి ఇంతకు ముందు ఏ రకం యంత్రాల పత్రాలు చేశారు? సవరించే రెండో వ్యక్తికి జపనీస్ వచ్చా, లేక ఇంగ్లిష్ మాత్రమే దిద్దుతారా? రెండోదానికి జవాబు నసిగితే ఇంకో చోట చూసుకోండి.

నమూనా పరీక్ష: అసలు వడపోత ఇదే

డబ్బిచ్చి 300 నుంచి 400 అక్షరాల నమూనా చేయించండి. మంచివారు ఉచితంగా చేయకపోవడం సహజం, అడగడం కూడా సబబు కాదు. ముగ్గురికి ఒకే ముక్క ఇవ్వండి. ముందుమాట, కంపెనీ పరిచయం లాంటి నున్నటి భాగం ఇస్తే అందరూ పాసవుతారు. మీ పత్రాల్లోంచే గరుకైన చోటు తీయండి. ఒక ఇంటర్‌లాక్ వాక్యం, ఒక భద్రతా హెచ్చరిక, అలారం జాబితాలో అయిదు వరుసలు, డ్రాయింగ్ నోట్లు నాలుగు. వాటిలో ఈ కింది ఉచ్చులు కొన్ని ఉండేలా చూసుకోండి.

ఎ-సెట్టెన్, బీ-సెట్టెన్. మాటకు మాట పెడితే ఎ కాంటాక్ట్, బీ కాంటాక్ట్. అసలు అర్థం నార్మల్లీ ఓపెన్, నార్మల్లీ క్లోజ్డ్, అంటే మామూలుగా తెరిచి ఉండే, మూసి ఉండే కాంటాక్టులు. అలాగే వదిలేసినవారికి వైరింగ్ కాగితాలతో పరిచయం లేదు.

షీకెన్స. జపాన్‌లో పీఎల్‌సీకి వాడుక పేరు. సీక్వెన్సర్ అని రాస్తే ఇంగ్లిష్ పాఠకుడికి సంగీత పరికరం గుర్తొస్తుంది.

కురికాయెషి సెయిదో. ఇందులో సెయిదో అంటే నిఘంటువులో యాక్యురసీ. కానీ మొత్తం మాటకు అర్థం రిపీటబిలిటీ. రోబో అదే బిందువుకు ఎన్నిసార్లు వచ్చినా ఎంత దగ్గరగా వస్తుందన్నది ఒకటి, చెప్పిన కొలత దగ్గరికే వచ్చిందా అన్నది వేరొకటి. ఈ రెండూ కలిస్తే కొనుగోలు ఒప్పందమే తప్పుతుంది.

బక-అన. అక్షరాలా తెలివితక్కువ రంధ్రం. షాపు భాషలో బోల్టు వదులుగా దూరే క్లియరెన్స్ హోల్. ఇమో-నెజి అంటే దుంప స్క్రూ కాదు, తల లేని సెట్ స్క్రూ. డ్రాయింగ్ మీద కిరి అని ఉంటే డ్రిల్‌తో వేసిన రంధ్రం. సీ0.5 అంటే 45 డిగ్రీల కోణంలో 0.5 మిల్లీమీటర్ల చాంఫర్, అంటే అంచును వాలుగా చెక్కడం.

ఎయిర్ చాక్. గాలితో పనిచేసే గ్రిప్పర్. ఎస్‌ఎంసీ తన ఇంగ్లిష్ కేటలాగ్‌లో గ్రిప్పర్ అనే రాస్తుంది. చక్ అని రాస్తే లేత్ చక్ అనుకుంటారు.

సెన్సర్‌ను చంపడం. కొరొసు అన్న క్రియ వాడతారు. అర్థం సెన్సర్‌ను బైపాస్ చేయడం. ఇది తెలియని అనువాదకుడు సెన్సర్ పాడైందని రాస్తాడు. అప్పుడు టెక్నీషియన్ బాగున్న సెన్సర్‌ను మార్చేసి, బైపాస్‌ను అలాగే ఉంచేస్తాడు.

ఇకా, మిమాన్. 80 వాట్ ఇకా అంటే 80 కూడా కలిసి అంతకు లోపు. మిమాన్ అంటే 80 కలవదు. జపాన్ కార్మిక భద్రతా నియమాల్లో పారిశ్రామిక రోబో నిర్వచనం ఈ 80 వాట్ల మోటారు గీత దగ్గరే తిరుగుతుంది. ఇలాంటి చోట ఒక మాట జారితే కంచె కావాలా వద్దా అన్న నిర్ణయమే మారవచ్చు.

వీటన్నిటికంటే లోతైన ఉచ్చు కర్త లేని వాక్యం. సీక్వెన్స్ వివరణలో తరచూ ఇలా ఉంటుంది: వాకు ఉము కకునిన్-గో, జెన్షిన్. వర్క్‌పీస్ ఉందో లేదో చూసుకున్నాక ముందుకు కదలడం. ఎవరు చూసుకోవాలి? పీఎల్‌సీ సెన్సర్ సిగ్నల్ చూస్తుందా, ఆపరేటర్ కళ్లతో చూసి బటన్ నొక్కుతాడా? ఏది ముందుకు కదులుతుంది, సిలిండరా, రోబోనా? మన తెలుగులోనూ కర్తను వదిలేసి మాట్లాడతాం కాబట్టి తెలుగువాడికి ఆ వాక్యం వింతగా అనిపించదు. ఇంగ్లిష్ మాత్రం కర్త లేకుండా నిలబడదు, అనువాదకుడు ఏదో ఒకటి పెట్టాల్సిందే. ఊహించి పెట్టేవారు ప్రమాదం. ఐ/ఓ (ఇన్‌పుట్, అవుట్‌పుట్) పట్టిక ఉందా, ఆ సెన్సర్ ఏ ఇన్‌పుట్‌కు కట్టారు అని మిమ్మల్ని అడిగేవారు మీకు కావాలి.

దీన్నిబట్టే మార్కులు వేయండి. నమూనా తిరిగొచ్చినప్పుడు ఒక్క ప్రశ్న కూడా రాకపోతే అది అనుమానించాల్సిన సంగతి. ఆ సెల్‌ను చూడని మనిషికి ప్రశ్నలు రాకుండా ఉండవు. మూడు నాలుగు పదునైన ప్రశ్నలు, ఇంగ్లిష్‌లో చిన్న తప్పులు ఉన్నవారు, ప్రశ్నలే లేని నున్నటి ఇంగ్లిష్ కంటే మెరుగు. ఇంగ్లిష్ దిద్దవచ్చు, తప్పు అర్థం ఎక్కడ దాగిందో కనిపెట్టడం కష్టం. నమూనాను దిద్దేటప్పుడు ఆ మెషీన్ తెలిసిన మీ ఇంజనీర్ ఒకరు, జపనీస్ తెలియని ఇంగ్లిష్ పాఠకుడు ఒకరు, ఇద్దరూ విడివిడిగా చదవాలి. ఇంగ్లిష్‌ను మళ్లీ జపనీస్‌లోకి తిప్పి పోల్చే పద్ధతి ఇక్కడ పెద్దగా తోడ్పడదు. సీక్వెన్సర్ అని తప్పు రాసినది తిరగేస్తే మళ్లీ షీకెన్స అనే వస్తుంది, తప్పు చక్కగా దాక్కుంటుంది.

మెషీన్ అనువాదం సంగతి

ఏ పత్రం దేని గురించో తేల్చుకుని కుప్పలు వేయడానికి మెషీన్ అనువాదం బాగానే పనికొస్తుంది. దాని జబ్బు తప్పు పదాలు ఒక్కటే కాదు. పొడవైన వాక్యంలో ఒక షరతును చప్పుడు లేకుండా వదిలేసి, మిగిలినదాన్ని అందంగా రాస్తుంది. చదివేవారికి లోటు కనిపించదు. అందుకే పోస్ట్-ఎడిటింగ్ (మెషీన్ అనువాదాన్ని మనిషి దిద్దడం) పేరుతో తక్కువ ధర చెప్పే ఏజెన్సీని, ప్రతి వాక్యాన్నీ మూలంతో పోలుస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ఆ పనికి ఐఎస్‌ఓ 18587 అనే ప్రమాణం ఉంది. ఇంటర్‌లాక్, భద్రత, అలారం భాగాలను దీనికి ఇవ్వకపోవడమే మా సలహా. లైన్ బిల్డర్‌తో గోప్యత ఒప్పందం ఉంటే ఉచిత వెబ్ సాధనాల్లో ఆ డ్రాయింగ్‌లు పేస్ట్ చేయడమే ఒప్పంద భంగం కావచ్చు.

పని అప్పగించేటప్పుడు

అనువాదకుడికి పత్రం ఒక్కటే పంపితే సగం కళ్లు కట్టి పంపినట్టే. రోబో సెల్ ఫొటోలు, లేఅవుట్, ఐ/ఓ పట్టిక, టచ్ ప్యానెల్ స్క్రీన్ బొమ్మలు, ముందు దొరికిన ఇంగ్లిష్ మాన్యువళ్లు కలిపి పంపండి. 50 నుంచి 100 మాటల పదకోశం మీ ఇంజనీర్‌తో తయారు చేయించండి. రోబో పదాలకు జపాన్ ప్రమాణం జేఐఎస్ బీ 0134, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8373 ఆధారంగా పెట్టుకోవచ్చు. డేంజర్, వార్నింగ్, కాషన్ అనే మూడు హెచ్చరిక మాటల్లో ఏ జపనీస్ మాటకు ఏది అన్నది ముందే బిగించండి. కికెన్, కెయికొకు, చూయి వరుసగా ఆ మూడింటికి సరిపోతాయి. నిబంధన వాక్యాల చివర వచ్చే కొతొ అన్నది ఇంగ్లిష్‌లో షల్ అవుతుంది, నొజొమషీ అన్నది షుడ్. ఈ రెండూ కలిసిపోతే తప్పనిసరి కాస్తా సలహాగా మారిపోతుంది.

టచ్ ప్యానెల్ బటన్లకు, పీఎల్‌సీ కామెంట్లకు అక్షరాల పరిమితి ఉంటుంది. నాలుగు కాంజీ అక్షరాల్లో ఒదిగిన గెంతెన్ ఫుక్కి (మెషీన్ మొదటి స్థానానికి తిరిగి రావడం) ఇంగ్లిష్‌లో చాలా పొడవవుతుంది. ప్రతి గడిలో ఎన్ని అక్షరాలు పడతాయో ఎక్సెల్‌లో ఒక నిలువు వరుసగా ఇవ్వండి. లేకపోతే అనువాదం బాగున్నా స్క్రీన్ మీద తోక తెగిన మాటలు కనిపిస్తాయి.

గడువు విషయంలో ఆశపడకండి. సాంకేతిక పాఠంలో ఒక మనిషి రోజుకు సుమారు 2,000 ఇంగ్లిష్ పదాలు నమ్మకంగా చేస్తారు. పైన చెప్పిన 16,000 పదాలకు ఎనిమిది పనిదినాలు, రెండో వ్యక్తి సవరణకు ఇంకో రెండు మూడు, పేజీలు కూర్చడానికి ఇంకొన్ని. తొందరలో అయిదుగురికి పంచితే ఒకే ఫిక్స్చర్‌కు (వస్తువును పట్టి ఉంచే అమరికకు) అయిదు పేర్లు వస్తాయి. తప్పనిసరైతే ఇద్దరికి మించకుండా, పదకోశం ముందే బిగించి, చివర్లో ఒక్కరితోనే మొత్తం చదివించండి.

ప్రశ్నల షీటు ఒకటి తెరవండి. పేజీ, మూల వాక్యం, ప్రశ్న, జవాబు, ఎవరు చెప్పారు అన్న అయిదు నిలువు వరుసలు చాలు. లైన్ బిల్డర్ దగ్గర జవాబు చెప్పే ఒక మనిషి పేరు ముందే తీసుకోండి. జపాన్‌లో ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం వరకు, ఆగస్టు మధ్యలో, కొత్త సంవత్సరానికి సెలవులు ఉంటాయి. ఆ రోజుల్లో జవాబులు రావు.

ఒప్పందంలో ధరతో పాటు మూడు విషయాలు రాయించుకోండి: సవరణలు ఎన్ని విడతలు; పదకోశమూ, టీఎంఎక్స్ రూపంలో అనువాద స్మృతి ఫైలూ (మూల వాక్యాలు, వాటి అనువాదాలు జతలుగా దాచినది) మీకే చెందడం; గోప్యత. విదేశంలో ఉన్నవారికి చెల్లిస్తే పన్ను కోత (టీడీఎస్) లెక్క మీ ఆడిటర్‌తో ముందే చూసుకోండి. ఇన్‌వాయిస్ వచ్చాక చూస్తే ఇద్దరి మధ్యా చిరాకు పుడుతుంది.

జపాన్ ఇంజనీర్లు వచ్చి మెషీన్ నడిపించే రోజులకు మాత్రం వేరే మనిషి కావాలి. ఆ పని దుభాషిది. రాతలో నిదానంగా వెతికి తేల్చేవారు షాపు మోతలో అప్పటికప్పుడు మాట్లాడలేకపోవచ్చు, దాని తిరగేత కూడా నిజమే. దుభాషిని తీసుకుంటే అనువాదకుడు తయారు చేసిన పదకోశాన్ని వారం ముందు ఆయన చేతిలో పెట్టండి.

అందుకున్నాక

మొదట అంకెలు. మూలంలో ఉన్న ప్రతి అంకె, యూనిట్, డివైస్ నంబర్ ఇంగ్లిష్‌లో ఉందో లేదో ఒకరు చదువుతుంటే ఇంకొకరు టిక్ పెట్టండి. తేదీలు చూడండి. జపాన్‌లో చక్రవర్తి యుగం పేరుతోనూ సంవత్సరాలు లెక్కపెడతారు. ఆర్5.4.1 అంటే రెయివా 5, అంటే 2023 ఏప్రిల్ 1. రెయివా అంకెకు 2018, దాని ముందు యుగం హెయిసెయి అంకెకు 1988 కలిపితే సంవత్సరం వస్తుంది. ఇది తెలియక విడిభాగం మార్చిన తేదీని 2005 అని రాసిన పత్రాలు ఉంటాయి.

తర్వాత కాగితం పట్టుకుని మెషీన్ దగ్గరికి వెళ్లండి. రోబోను నెమ్మది వేగంలో పెట్టి, భద్రతా నియమాలు పాటిస్తూ, అలారం జాబితాలో పది అలారాలు నిజంగా తెప్పించి, స్క్రీన్ మీద వచ్చిన మాట, పుస్తకంలోని మాట, చేయమన్న పని ఒకదానికొకటి సరిపోతున్నాయో చూడండి. సరిపోనివి అనువాదకుడికి తిరిగి పంపండి. కొన్నిసార్లు తప్పు అనువాదానిది కాదు. జపాన్ నుంచి బయల్దేరే ముందు ప్రోగ్రాం మార్చి, పత్రం మార్చడం మరిచిపోయి ఉంటారు. అలాంటివి లైన్ బిల్డర్‌కు రాసి, మూలాన్నీ సరిచేయించి, తర్వాతే ఇంగ్లిష్ మార్చండి. సరిచేసిన పదకోశం, టీఎంఎక్స్ ఫైలు, ప్రశ్నల షీటు మూడింటినీ ప్రోగ్రాం బ్యాకప్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. ఆరు నెలలకు మార్పుల నోటీసు నాలుగు పేజీలు వస్తే, అదే మనిషికి ఆ మూడు ఫైళ్లతో కలిపి పంపవచ్చు.